రెండు గిన్నెల పాఠం

మా టీచరమ్మ పోయింది. శుక్రవారం పొద్దున మోత్కూరు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉండగా పాస్టరుగారి భార్య ఫోన్ చేసింది. "బిడ్డా, టీచరమ్మ ఇగ లేదు. నల్గొండ దవాఖానల, తెల్లారంగ పోయిందట. ఆమె తమ్ముడు ఫోన్ జేసిండు" అన్నది. బస్సు వచ్చి ఆగింది, కదిలి వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఏడుపు రాలేదు. 'ఎల్లుండి ఆదివారం' అనుకున్నాను. అవతల ఆమె శవం ఇంకా ఊరికి చేరలేదు, ఇవతల నేను ఎల్లుండి పిల్లల ముందు ఏం చెప్పాలోనని వణుకుతున్నాను. ఈ మాట ఆమెతో అంటే కోప్పడేది కాదు. "నాక్కూడ గట్లనే ఉంటది బిడ్డా" అనేది. ఎందుకంటే నాకు తెలిసినవాళ్లలో మా టీచరమ్మంత భయస్తురాలు ఇంకొకరు లేరు. ఆ సంగతి ముందు చెబితేనే మిగతాది మీకు సరిగ్గా తెలుస్తుంది.

ఆమె మా ఊరి అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు పనిచేసింది. అందుకే ఊరందరికీ టీచరమ్మ. భర్త చిన్న వయసులోనే పోతే తమ్ముడింటికి వచ్చి వెనక గదిలో ఉండిపోయింది. మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు చాలామందికి చేసినట్టే ఆమెకూ చేశాయి. మోకాళ్లు బిగుసుకుపోయి, కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చేది. చర్చిని మేం గుడి అనే అంటాం. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ గుడి వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని పిల్లలకు పాఠం చెప్పేది. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆమెకు మిగిలిన పని అదొక్కటే.

పాఠానికి ముందు చాప ఎత్తించి తేలు ఉందేమో చూసుకునేది. పిల్లల్ని లెక్కపెట్టేది. పాఠం మధ్యలో ఉన్నట్టుండి ఆగి మళ్లీ లెక్కపెట్టేది. అయిపోయాక వాళ్లను రోడ్డు దాటించి, ఆఖరి పిల్ల సందు మలుపు తిరిగేదాకా కర్ర పట్టుకొని నిలబడేది. నేను మోత్కూరులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. సాయంత్రం బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టగానే ఫోన్ మోగేది. "ముట్టినవా?" అని ఒక్క మాట అడిగి పెట్టేసేది. వాన పడే రోజుల్లో రెండుసార్లు చేసేది.

హాజరు పుస్తకంలో పిల్లల ఇంటిపేర్లు రాసేది కాదు. గుడికి వస్తారని ఎక్కడైనా కాగితం మీద కనబడితే రేపు పిల్లల ఎస్సీ సర్టిఫికెట్‌కు అడ్డం వస్తుందేమోనని తల్లులకు దిగులు. వాళ్ల దిగులు కూడా ఈమె తెచ్చి నెత్తిన పెట్టుకునేది. "పేర్లు నా మనసుల ఉన్నయి, బుక్కుల ఎందుకు?" అనేది.

పిల్లలకు బైబిలు కథలు అందరూ చెబుతారు. ఆమె కూడా మొదట అవే చెప్పేది. ఒక రోజు ఒక పిల్ల, "బైబిల్ అయిపోయినంక ఏమైంది టీచరమ్మా? గాడికెల్లి మనదాంక ఎట్లొచ్చింది?" అని అడిగిందట. ఆ ప్రశ్న వారం రోజులు తనకు కుదురు లేకుండా చేసిందని నాతో చెప్పింది. పాస్టరుగారిని అడిగి అట్టలు ఊడిన పాత పుస్తకాలు తెచ్చుకుంది. కళ్లద్దాలు మార్పించుకుంది. నోటుబుక్కులో వారం వారం కొంత రాసుకొని, సంఘం చరిత్ర చెప్పడం మొదలుపెట్టింది.

వసారా నేల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పెద్దపిల్లలతో సుద్ద గీత గీయించేది. మెట్ల దగ్గర యెరూషలేము. గుడి తలుపు దగ్గర మా ఊరు. మధ్యలో పిల్లల్ని కూర్చోబెట్టేది. "నువ్వు అంతియొకయ. నువ్వు రోమా. నువ్వు జర జరుగు, నువ్వు కేరళ. ఏసు శిష్యుడు తోమా గాడ దిగిండని చెప్పుకుంటరు." రోమాలో విశ్వాసులు సమాధుల గుహల్లో దాక్కొని ఆరాధన చేసిన పాఠం రోజున, "గట్టిగ పాడకుండ్రి, సిపాయిలు ఇంటరు" అనేది. అంతే, ఇరవై మంది పిల్లలు గుసగుసగా పాట పాడేవాళ్లు. పాడుతూ గేటు వైపు చూసేవాళ్లు. ఆమె కూడా చూసేది. నిజంగానే ఎవరో వస్తున్నారేమోనన్నట్టు.

రాజులే క్రైస్తవులయ్యాక ఏమైందో దాచేది కాదు. సిలువ గుర్తు కుట్టుకొని యుద్ధాలకు పోయి, యూదులను, ముస్లింలను చంపిన పాఠం వచ్చింది. గుడికి ఎదురుగా టైలర్ సాబ్ దుకాణం. ఆయన మిషన్ తొక్కుతూ కూర్చుంటే మా వసారాలో మాట స్పష్టంగా వినిపిస్తుంది. నేను గొంతు తగ్గించమని సైగ చేశాను. "ఎందుకు తగ్గించాలె? తప్పు జేసింది మనోళ్లు. ఆయన ఇంటే మంచిదే" అన్నది. అన్నదే గాని పాఠం అయ్యేదాకా దుకాణం వైపు చూస్తూనే ఉంది. పాఠం అయ్యాక టైలర్ సాబ్ ఇవతలికి వచ్చి, అక్కను పిలిచినట్టు, "ఆపా, మా పిల్లలకు గూడ గిట్ల చెప్పేటోళ్లు ఉండాలె" అన్నాడు. ఆ రోజంతా ఆమె ముఖం వెలిగిపోయింది. సాయంత్రానికి మళ్లీ దిగులు మొదలైంది. ఆయన నిజంగా మెచ్చుకున్నాడా, మనసు నొచ్చుకొని అలా అన్నాడా అని నన్ను మూడుసార్లు అడిగింది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు మా గుడికి నూరేళ్లు నిండాయి. అప్పటికి నేను బి.ఇడి. పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తూ, ఆదివారాలు ఆమెకు సాయంగా ఉండేదాన్ని. సంఘ పెద్దలు కూర్చొని పండుగ చేయాలనుకున్నారు. మా సెక్రటరీ కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పద్ధతి గల మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. "టీచరమ్మా, మన గుడి చరిత్ర పిల్లలతోని చెప్పియ్యాలె. పది నిమిషాలు. మంచిగ ఉండాలె" అన్నాడు.

ఆ ఆదివారం ఆమె పిల్లలకు పని అప్పజెప్పింది. "మీ ఇంట్ల అందరికన్న పెద్దోళ్లెవరో వాళ్లను అడుగుండ్రి, మనం గుడికి ఎట్లొచ్చినం అని. ఏం చెప్తే గది రాసుకొని రాండ్రి. కలపొద్దు, తియ్యొద్దు."

వారం తిరిగేసరికి పిల్లలు నోటుబుక్కులు నింపుకొని వచ్చారు. ఒకరింట్లో కరువు. మిషనరీ దొర గంజి పోయించాడట. ఒకరి తాతమ్మకు గత్తర, అంటే కలరా, తగిలి బతికింది, అందుకని గుడికొచ్చింది. ఒకడు లేచి, "మా ముత్తాతది గడీల వెట్టి. గుడికి పోతే ఆదివారం ఒక్కరోజన్న వెట్టి తప్పుతదని వచ్చిండట" అన్నాడు. అందరూ పకపక నవ్వారు. "నవ్వకుండ్రి, అది గూడ నిజమే. రాయి" అని టీచరమ్మ కూడా నవ్వింది.

తరువాత ఒక తొమ్మిదేళ్ల పిల్ల లేచింది. నోటుబుక్కు ముఖానికి దగ్గరగా పెట్టుకొని చదివింది. "మన గుడికి మొదలొచ్చింది మా మాదిగోళ్లేనట. కొన్నేండ్లకు మాలోళ్లొచ్చిన్రట. బల్లనాడు దొర అందరిని ఒక్కటే గిన్నెల తాగమన్నడట. మాలోళ్లు తాగం అన్నరట. గప్పుడు ఇంకో గిన్నె తెచ్చిన్రట. ఒకటి వాళ్లకు, ఒకటి మాకు. శానేండ్లు రెండు గిన్నెలుండెనట. మా అవ్వ చెప్పింది."

బల్ల అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే ఆరాధన. అందరం ఒక్కటే అని ఒప్పుకోవడానికే ఆ బల్ల.

ఒక పిల్లవాడు, "వాళ్లంటే ఎవరు టీచరమ్మా?" అని అడిగాడు. వాడిది మాల వాడ. ఆ 'వాళ్లు' తనవాళ్లేనని వాడికి నిజంగా తెలియదు. టీచరమ్మ కర్ర అందుకొని, "ఈ రోజుకు సాలు, ఇండ్లకు పోండ్రి" అన్నది. ఆ రోజు ఆమె పిల్లల్ని ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

బుధవారం మిట్టమధ్యాహ్నం ఎండలో కర్ర పట్టుకొని మా ఇంటికి వచ్చింది. నీళ్లిస్తే తాగలేదు. మంచం అంచున కూర్చొని చాలాసేపు కొంగు మడతలు వేస్తూ, "గా రెండో గిన్నె తెచ్చింది మా తాత" అన్నది.

మాదీ మాల కుటుంబమే. ఈ గిన్నెల సంగతి నాకు ఆ వారం దాకా తెలియదు. తెలియకుండా బతకడం ఎంత హాయిగా ఉంటుందో నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది.

"మా తాత సంఘంల పెద్ద. నల్గొండ బజార్ల కొన్నడట, కంచు గిన్నె. నేను చిన్నగున్నప్పుడు చూసిన. మా ఇంట్లనే ఉంటుండె. బల్లనాడు మా నాయనమ్మ చింతపండుతోని తోమి, తెల్లబట్టల చుట్టి పంపేది. ఎంత భక్తిగ తోమేదో బిడ్డా."

"మరి ఎప్పుడు పోయింది టీచరమ్మా?"

"చిన్న గ్లాసులొచ్చినయి. తలా ఒకటి. పట్నం కెల్లి ఎవరో తెచ్చిన్రు. ఇగ గిన్నె పంచాయితీనే లేకుంట పోయింది. ఎవరు తప్పు ఒప్పుకోలే. ఎవరు మాఫీ అడగలే. గ్లాసులొచ్చినయి, గంతే." కొంగు మడతలు విప్పేసింది. "రోమా రాజుల తప్పు చెప్పిన. యుద్ధాల తప్పు చెప్పిన. గవన్ని దూరపు తప్పులు. చెప్పుడు సులువుగుండె."

ఆ పిల్ల చదివిన మాట అప్పటికే రెండు వాడలూ తిరిగింది. సెక్రటరీ ఆమెను పిలిపించాడు. నేను వెంట వెళ్లాను. "టీచరమ్మా, పండుగకు పక్క ఊర్ల సంఘాలు వస్తయి. ఇప్పుడిప్పుడే రెండు వాడలోళ్లు ఒక్క బంతిల కూసొని తింటున్నరు. పాత పుండు గెలుకుడు ఎందుకు? పిల్లలకు గవన్ని ఎందుకు?" అన్నాడు. ఆయన మాటలో మోసం లేదు. ఆయనకూ భయమే. మళ్లీ విడిపోతారేమోనన్న భయం.

ఇంట్లో తమ్ముడు ఇంకా గట్టిగా మాట్లాడాడు. "తాత మొకాన మన్ను కొడ్తవా అక్కా? ఆయన కట్టిన ఇంట్లనే ఉంటున్నవు గదా" అన్నాడు. ఆ మాట ఆమె నాకు తరువాత చెప్పింది. తమ్ముడింట్లో తన జాగా ఎంతవరకో ఆమెకు బాగా తెలుసు.

ఆమె లొంగిపోయింది. ఇది కూడా రాయాలి. ఆ తరువాతి ఆదివారం పిల్లలతో, "గా గిన్నెల ముచ్చట పండుగల ఒద్దులే. మిగతాది చెప్దాం" అన్నది. ఆ పిల్ల లేచి నిలబడింది. ఎదురు మాట్లాడే పిల్ల కాదు. మెల్లగా అడిగింది.

"అయితే మా అవ్వ అబద్ధం జెప్పిందా టీచరమ్మా?"

"లేదు బిడ్డా."

"మరి?"

ఆమె నోటుబుక్కు మూసి, చాప మడవమని పెద్దపిల్లలకు చెప్పింది.

ఆ సాయంత్రం నన్ను తోడు రమ్మని ఆ పిల్ల ఇంటికి బయలుదేరింది. వందడుగుల దూరం. దారిలో రెండుసార్లు ఆగి, "పొద్దుపోయింది గదా, రేపు పోదామా?" అన్నది. పొద్దు ఇంకా ఉంది. గుమ్మం ముందు ఆ అవ్వ చేటలో కందులు ఏరుతూ కూర్చొని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. టీచరమ్మ నిలబడే చెప్పింది. గిన్నె తెచ్చింది తన తాత అని, తనకు చిన్నప్పటి నుంచీ తెలుసునని, ఇన్నేళ్లు నోరు విప్పలేదని.

అవ్వ చేట పక్కన పెట్టలేదు. ఏరుతూనే, "ఇప్పుడొచ్చినవా?" అన్నది. "మా అమ్మ ఉన్నప్పుడు రావాలె. ఆమెకు శాన బాధుండె. మొదలు బాప్తిస్మానికి వాగుల మునిగింది మేము, ఆఖరుకు నిలవడ్డది గూడ మేమేనా అని అడుగుతుండె. గిప్పుడు నాకు జెప్తే ఆమెకు ముడ్తదా?"

నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది.

"పండుగల చెప్తవా?" అని అవ్వ అడిగింది.

"భయమైతాంది అవ్వా."

"భయమైతే చెప్పకు. చెప్తే మాత్రం పూర్తిగ చెప్పు. సగం చెప్పి మమ్మల్ని మళ్ల చిన్నగ జెయ్యకు."

తిరిగి వస్తూ ఆమె ఇంటి మలుపు దగ్గర ఆగి, "పిల్లల నోట పెట్టను. మా ఇంటి తప్పు, నేనే చెప్త" అన్నది.

పండుగనాడు గుడి ముందు షామియానా వేశారు. పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో జనం వచ్చారు. పిల్లలు వరుసగా వచ్చి కరువు సంగతి, గత్తర సంగతి, వెట్టి సంగతి చెప్పారు. వెట్టి పిల్లవాడికి చప్పట్లు పడ్డాయి. సెక్రటరీ ముఖంలో నవ్వు కనిపించింది. అప్పుడు టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. ఆమె ఏం చేయబోతోందో పాస్టరుగారికి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. పాస్టరుగారు మైకు చేతికిచ్చి పక్కకు తప్పుకున్నారు. ఆమె చేతిలో కాగితం వణుకుతుంటే ఆ చప్పుడు మైకులో గరగరమని అందరికీ వినిపించింది. కాగితం మడిచి జాకెట్టులో దోపుకుంది.

"గిది పిల్లలది గాదు, నాది" అని మొదలుపెట్టింది. "మన గుడికి మొదలొచ్చింది మాదిగోళ్లు. వాగుల మొదలు బాప్తిస్మం తీసుకున్నది వాళ్లే. తర్వాత మేము వచ్చినం. వచ్చి, వాళ్లు తాగిన గిన్నెల తాగం అన్నం. రెండో గిన్నె మా తాత తెచ్చిండు. శానేండ్లు గట్లనే నడిచింది. మాకెవ్వరికి తప్పనిపియ్యలే. గది తప్పు. మా ఇంటి తరఫున నేను మాఫీ అడుగుతున్న."

అంతే. కూర్చోబోతే కుర్చీ ఎక్కడుందో కనిపించలేదు. నేను పట్టుకొని కూర్చోబెట్టాను.

చప్పట్లు లేవు. ఎవరూ వచ్చి కౌగిలించుకోలేదు. తమ్ముడు లేచి అందరూ చూస్తుండగా షామియానా దాటి వెళ్లిపోయాడు. సెక్రటరీ తన చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు. మాల వాడ నుంచి కొన్ని కుటుంబాలు భోజనానికి ఆగలేదు. ఆడవాళ్ల చాప మీద ముందు వరుసలో ఉన్న అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకొని, పక్కనున్న మనుమరాలి తల నిమిరింది. అక్కడ నేను చూసింది ఇంతే. అది సంతోషమో, దుఃఖమో ఇప్పటికీ చెప్పలేను.

తరువాతి రోజులు కష్టంగా గడిచాయి. తమ్ముడు ఏడాది పైగా ఆమెతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో వెనక గదిలో ఆమె వేరే వండుకుంది. సండేస్కూల్‌కు ఇరవై మంది వచ్చేచోట ఏడుగురు మిగిలారు. పిల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టీ పెట్టకముందే అయిపోయేది. అప్పుడు చేతివేళ్లు అలాగే గాల్లో ఉంచి కాసేపు గేటు వైపు చూసేది. "నేను జెప్పింది తప్పా బిడ్డా? పిల్లలు పోయిన్రు గదా" అని ప్రతి ఆదివారం అడిగేది. కాదని నేను చెబితే నమ్మేది కాదు. అయినా మరుసటి ఏడు ఆ పాఠం వచ్చే వారానికి, "భయమైతాంది. అయితే గానీ, చెప్దాం పా" అని కుర్చీ వేయించుకుంది. ప్రతి ఏడూ అంతే. ఆ ఆదివారం పొద్దున అన్నం సయించేది కాదు, వచ్చి చెప్పేది.

పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. వాళ్లంతట వాళ్లే వచ్చారు. మొదట ఆ "వాళ్లంటే ఎవరు" అని అడిగిన పిల్లవాడు వచ్చాడు. ఇంట్లో చెప్పకుండా వచ్చానన్నాడు. ఆమె సంతోషించలేదు, హడలిపోయింది. వాణ్ని వెంటబెట్టుకొని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి అడిగి, ఒప్పించి మరీ కూర్చోబెట్టింది. తమ్ముడు కూడా ఒక వానాకాలం ఆమెకు జ్వరం వస్తే జావ తెచ్చి గడప దగ్గర పెట్టి, "వేడి మీద తాగు" అన్నాడట. ఆ మూడు మాటలు ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

మూడు వారాల కిందట ఆయాసం ఎక్కువై నల్గొండ తీసుకుపోయారు. తమ్ముడే ఆటోలో ఒళ్లో తల పెట్టుకొని తీసుకుపోయాడు. పోయేముందు నన్ను పిలిచి, "మన గుడి పాఠం దగ్గరికొచ్చింది. నువ్వు చెప్పు" అన్నది. నేను సరేనన్నాను. అని రెండు ఆదివారాలు నోవహు ఓడ కథ, దావీదు కథ చెప్పి తప్పించుకున్నాను. నాకు మోత్కూరులో ఉద్యోగం ఉంది, ఊళ్లో అమ్మానాన్న ఉన్నారు, మా ఇంటి పక్కనే సెక్రటరీ ఇల్లు. ఆమె లేచి వస్తుందిలే, ఆమే చెబుతుందిలే అనుకున్నాను. దవాఖానలో చూడటానికి పోయినప్పుడు మాస్క్ పక్కకు జరిపి, "చెప్పినవా?" అని అడిగింది. "వచ్చే వారం" అన్నాను. కళ్లు మూసుకొని తల ఊపింది. నా మీద కోపం లేదు ఆ ముఖంలో. నా భయం ఆమెకు తెలియనిదా!

శుక్రవారం సాయంత్రం సమాధి చేశాం. రెండు వాడల వాళ్లూ వచ్చారు. టైలర్ సాబ్ వచ్చి పిడికెడు మన్ను వేసి పోయాడు. అందరూ వెళ్లాక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. షర్టు నిండా మన్ను.

"ఆదివారం పిల్లలకు నువ్వే గదా చెప్పేది?"

"అవును కాకా."

"గా పాఠమేనా?"

నేను చేతి మీది మన్ను దులుపుకున్నాను.

"చెప్తే తాత పేరు పెట్టే చెప్పు. ఎవరో పెద్దమనిషి అని చెప్తే మా అక్క ఒప్పుకోకుండె." దస్తీతో ముఖం తుడుచుకున్నాడు. "మాకు మాత్రం మంచి తాత బిడ్డా. నన్ను భుజం మీద ఎక్కించుకొని సంతకు తీస్కపోతుండె. గది గూడ చెప్పు."

శనివారం సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. ఆయన కూడా ముసలివాడయ్యాడు. మెల్లగానే అన్నాడు. "ఆమె పెద్దది, ఆమెకు చెల్లింది. ఇగ గా పాఠం ఆమెతోనే పోనియ్యి బిడ్డా. నీకెందుకు ఫికర్?" నేను ఏమీ అనలేదు. ఔనని ఆయన అనుకొని ఉంటాడు.

ఆదివారం పొద్దున నాకు అన్నం దిగలేదు. ఆరాధన అయ్యాక పద్నాలుగు మంది పిల్లలు వసారాలో కూర్చున్నారు. లోపల సెక్రటరీ కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయనకు వినబడకుండా, పిల్లలకు మాత్రమే వినబడేంత మెల్లగా చెప్పి ముగించాలని రాత్రే నిశ్చయించుకున్నాను. తల వంచుకొని, "మన గుడికి మొదలొచ్చింది ఎవరంటే" అన్నాను.

అప్పుడే వాన మొదలైంది. చినుకులుగా కాదు, ఒక్కసారిగా. వసారా రేకుల మీద కంకర కుమ్మరించినట్టు. నా మాట నాకే వినిపించలేదు. కాసేపు ఆగుదామనుకున్నాను. ఆగితే ఇక చెప్పలేనని నాకు తెలుసు. "టీచర్, ఇనవడ్తలేదు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. లోపల సెక్రటరీ కుర్చీ చేత్తో పట్టుకొని ఆగిపోవడం తలుపులోంచి కనిపించింది.

గొంతు చించుకొని మళ్లీ మొదటి నుంచి, గిన్నె తెచ్చిన తాత పేరుతో సహా చెప్పాను. పిల్లలు చాప మీద మోకాళ్లతో జరుగుతూ దగ్గరికి వచ్చారు, ఒకరి భుజాల మీదుగా ఒకరు వంగారు. జల్లుకు వీపులు తడుస్తున్నా ఎవరూ వెనక్కి చూడలేదు. పద్నాలుగు మందీ చెవుల వెనక అరచేతులు పెట్టుకొని, నా పెదవుల వైపే చూస్తున్నారు.